పాలనీళ్ళ మేడమ్

రెండు వారాల కిందట ఒక శనివారం పొద్దున్న కాఫీ కలుపుకుంటుంటే ఫోన్ అదే పనిగా మోగడం మొదలుపెట్టింది. మా పాత ల్యాబ్ గ్రూపు. మేడమ్‌కి అవార్డు వచ్చిందట, జీవితకాలం చేసిన కృషికి ఇచ్చే పెద్ద అవార్డు. ఎడ్మంటన్ నుంచి ఎవరో ఫొటో పెట్టారు. చేతిలో జ్ఞాపిక, ఒంటిమీద అదే పాత ఊదారంగు స్వెట్టరు, ఫొటో ఎప్పుడవుతుందా అని చూస్తున్న మొహం. అందరూ చప్పట్లూ పువ్వులూ పంపుతున్నారు. నేను మాత్రం అదే కెనడాలో చాలా దూరాన, మార్కమ్‌లో మా వంటింట్లో నిలబడి ‘కంగ్రాచ్యులేషన్స్ మేడమ్’ అన్న రెండు ముక్కలు టైపు చేయడం, చెరపడం, మళ్ళీ టైపు చేయడం. “హూ డైడ్, మామ్?” అంది మా అమ్మాయి కార్న్‌ఫ్లేక్స్ తింటూ. ఎవరూ పోలేదే, మా మేడమ్‌కి అవార్డు వచ్చింది అన్నాను. “దెన్ వై ద ఫేస్?” అంది. దానికి జవాబు చెప్పేలోపు దాని ఈత క్లాసు టైమైపోయింది. మీకైతే చెప్పుకుంటాను.

మేడమ్ అంటే నా పీహెచ్‌డీ గైడు. ఫిలిప్పీన్స్‌లో ఏదో చిన్న దీవిలో పుట్టి, మనీలాలో చదువుకుని, ఎడ్మంటన్ చలిలోకి వచ్చిపడి, అక్కడే ప్రొఫెసరైన మనిషి. నా భుజం దాకా వచ్చేది, అదీ మంచుబూట్లు వేసుకుంటే. ఆవిడ పరిశోధన కాంతి గురించి. కాంతి అంటే లేజర్లూ రంగులూ అనుకుని వెళ్ళాను. తీరా చూస్తే ల్యాబు నిండా పాలు. గాజుతొట్టిలో నీళ్ళు పోసి, వాటిలో పాలు కలిపి, ఆ మసక వెనక ఒక వస్తువు పెట్టి, కంటికి కనపడని దాని ఆకారాన్ని బయటికి లాగడం ఆవిడ పని. పాలలో పడ్డ కాంతి తిన్నగా రాదు, అటూ ఇటూ కొట్టుకుని దారి తప్పుతుంది. ఆ దారి తప్పిన కాంతినే పట్టుకుని వెనక ఏముందో చెప్పొచ్చని ఆవిడ పట్టుదల. పాలలో నీళ్ళు కలిపేవాళ్ళని చిన్నప్పటి నుంచీ చూశాను గానీ, నీళ్ళలో పాలు కలిపి ప్రొఫెసరైనావిడని అక్కడే చూశాను. సోమవారం తలుపు తీస్తే విరిగిన పాల కంపు. కాఫీకని ఫ్రిజ్‌లో ఎవరు పాలు పెట్టుకున్నా అవి తొట్టిలోకే పోయేవి. పోనీ అడిగి తీసుకుంటుందా అంటే అదీ లేదు.

ఎన్ని గ్రాంటు దరఖాస్తులు వెనక్కి తిరిగొచ్చాయో! పాలతో ఆడుకునేవాళ్ళకి డబ్బెందుకన్నట్టు రాసేవారు. తర్వాత్తర్వాత అదే పద్ధతితో చర్మం కింద రక్తనాళాలు కనపడేలా చేసే పరికరం తయారైంది. సూది కోసం పసిపిల్లల్ని పదిచోట్ల పొడవక్కర్లేకుండా పోయింది. ఆ పరికరం పరీక్షించడానికి ఆసుపత్రికి వెళ్తే అందరూ మేడమ్‌ని నర్సనుకునేవారు. ఆవిడ కాదనేది కాదు. ముందు దిండు సర్ది, నీళ్ళందించి, ఆ తర్వాత తీరిగ్గా “నేను ఫిజిసిస్టుని, ఇది నా మిషను” అనేది. ఒకసారి ఒక విలేకరి వచ్చి, చిన్నప్పుడు తుఫాను తర్వాత మసకబారిన సముద్రాన్ని చూశాకే ఈ ఆలోచన పుట్టిందా అని అడిగాడు. “కాదు, పాలు పక్క కొట్లో దొరికేవి, అందుకని” అంది. అతనికి చాలా నిరాశ కలిగింది.

ఇంతకీ నన్ను తినేస్తున్నది అవార్డు కాదు, అట్టపెట్టె. వాళ్ళ దేశం వాళ్ళకి ఒక అలవాటుంది. ఎక్కడ పనిచేస్తున్నా, ఇంటికి ఓ పెద్ద అట్టపెట్టె నిండా సామాను ఓడమీద పంపుతారు. సబ్బులు, చాక్లెట్లు, తువ్వాళ్ళు, మాంసం డబ్బాలు. మేడమ్ పెట్టెలో పైవరుస అదే. కింద మాత్రం, డిపార్ట్‌మెంట్ వాళ్ళు తీసుకుపొమ్మన్న పాత కటకాలు, గీతలు పడ్డ అద్దాలు, వాటిని బిగించే స్టాండ్లు. ఒక్కో కటకాన్నీ కొత్త మేజోడులో దూర్చి, తువ్వాలులో చుట్టేది. “తువ్వాళ్ళు మా అక్కకి, లోపలివి మా కాలేజీ పిల్లలకి” అనేది. మేజోళ్ళు మడతపెట్టే ఉద్యోగం నాది. అలా మడతపెడుతుండగా ఒకరోజు తల ఎత్తకుండానే అడిగింది, “మరి మీ కాలేజీ పెట్టె ఏది?” అని.

మా కాలేజీ అంటే ఒంగోలు పక్కన ఓ డిగ్రీ కాలేజీ. అక్కడ మాకు ఫిజిక్స్ చెప్పిన మాస్టారు సోడియం దీపం కింద కటకం పెట్టి వెలుగునీడల వలయాలు చూపించేవారు. క్లాసంతటికీ ఒకటే కటకం, దానికీ మధ్యలో పగులు. వలయాలు కనిపించినవాళ్ళు అదృష్టవంతులు, తక్కినవాళ్ళం సీనియర్ల రికార్డుల్లోంచి దించేవాళ్ళం. నేను కెనడా వెళ్తుంటే మాస్టారు బస్టాండు దాకా వచ్చి, “అమ్మాయ్, అక్కడ పారేసేవేవన్నా ఉంటే రెండు మనకి పంపించు. నేను రిటైరయ్యేలోపు ఒక్క బ్యాచికన్నా ఆ రింగులు సరిగ్గా చూపించాలని ఉంది” అన్నారు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆయన నోరు తెరిచి అడిగారు కూడా!

మేడమ్ అడిగిన రోజే ఒక పెట్టె తెచ్చాను. మార్కరుతో కాలేజీ అడ్రసు, పంపేవారి చోట నా పేరు పెద్దపెద్ద అక్షరాలతో రాశాను. అక్కడితో సరి. అంచులు విరిగిన కటకాలు పంపితే మాస్టారు ఏమనుకుంటారు, పంపితే మంచివే పంపాలి అని ఒక బోడి పరువు. మంచివి దొరకలేదు, తర్వాత థీసిస్, తర్వాత పెళ్ళి, తర్వాత మార్కమ్‌లో ఉద్యోగం. రేపు మాపు అంటూ పెట్టెని ల్యాబు బల్ల కిందే వదిలేసి వచ్చేశాను. మొదట్లో మాస్టారు ఫోన్ చేసి “తొందరేం లేదమ్మా” అనేవారు. అది వినలేక ఎత్తడం మానేశాను. ఇక్కడికొచ్చి నంబరు మారాక ఆయనకి చెప్పనే లేదు. గురువుగారు కదా, తప్పు కదా అని తెలుసు. తెలిసే చేశాను.

ఆ శనివారం మేడమ్ ఫొటో చూశాక ఇంక తట్టుకోలేక, చిన్ననాటి స్నేహితురాలిని అడిగి మాస్టారి నంబరు పట్టాను. ఇప్పుడైనా కొత్తవి కొని పంపుతానని, తిట్టినా పడతానని సిద్ధపడి ఫోన్ చేశాను. గొంతు సన్నబడిపోయింది గానీ ఆయనే.

“నువ్వా తల్లీ! ఎన్నాళ్ళకి! నీ నంబరు కోసం ఎంతమందిని అడిగానో. థాంక్స్ చెప్పే దారే లేకపోయింది.”

“దేనికి మాస్టారూ?”

“అదేంటమ్మా, పెట్టె పంపించి దేనికంటావేంటి! కస్టమ్స్ వాళ్ళు చెప్పులరిగేలా తిప్పారనుకో. అంచులు పోతే పోయినయ్యిలే, మధ్యలో కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. రిటైరయ్యేదాకా ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ సొంత కళ్ళతో చూశారు రింగులు. బీరువా మీద నీ పేరు రాయించాను, చెరపొద్దని చెప్పి మరీ వచ్చాను. ఒక్కోటీ మేజోడులో చుట్టావు చూడూ, నీకెంత జాగ్రత్తో అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.”

నేను పంపలేదు మాస్టారూ, అనాలి. నోరు తెరిచాను కూడా. అవతల ఆయన సంతోషంతో దగ్గుతున్నారు. “ఉంటాను మాస్టారూ, ఆరోగ్యం జాగ్రత్త” అని పెట్టేసి, సింకు పట్టుకుని ఏడ్చాను.

ఆ మధ్యాహ్నం మేడమ్‌కి ఫోన్ చేశాను. అభినందనలు చెప్పడం మరిచిపోయి పెట్టె సంగతే అడిగాను. కాసేపు గుర్తు తెచ్చుకుని, ఇంగ్లీషులో తాపీగా, “అదా? కాళ్ళకి అడ్డంగా ఉంటే నింపి పంపేశాను” అంది. నా పేరు మీద ఎందుకు పంపారు అన్నాను. “దాని మీద రాసి ఉన్నది నీ పేరే కదా. నేను అడ్రసు కూడా రాయక్కర్లేకపోయింది” అంది. బీరువా మీద మీ పేరు రాయించమని మాస్టారికి చెబుతానన్నాను. “నీ ఇష్టం, కానీ ఆయనకి చెప్పేటప్పుడు నీ మనసు తేలిక చేసుకోవడానికి చెబుతున్నావో, ఆయన కోసం చెబుతున్నావో చూసుకో” అని, ఓవెన్‌లో ఏదో మాడుతోందంటూ పెట్టేసింది.

ఆయన కోసమే అయితే చెప్పక్కర్లేదు. నా కోసమైతే చెప్పాలి. ఈ రెండిట్లో ఏదీ తేల్చుకోలేక ఆదివారం చెబుదామనుకున్నాను. ఆదివారం వెళ్ళిపోయింది, దాని వెనకాలే ఇంకో ఆదివారం కూడా. ఇవాళ కాకపోతే రేపు చేద్దాం, పని ఎక్కడికి పోతుందిలే అనుకుంటూ బతికినదాన్ని. నిజమే, పని ఎక్కడికీ పోలేదు. దాని వేళకి అది చక్కగా జరిగిపోయింది, నా పేరుతో సహా. ఆ వేళలో నేనే లేను.