ఆకుతుక్కు కప్పిన మేడగది

మొన్న మధ్యాహ్నం మా కరీంనగర్ వీధిలో ఎవరో మేడ మీద సున్నం వేయిస్తున్నారు. ఎండకు కాగిన స్లాబు మీద తడి సున్నం పడగానే లేచే వాసన మా దుకాణం దాకా వచ్చింది. కొంచెం ఘాటు, దాని వెనుకే కొంచెం చల్లదనం. జిరాక్సు కోసం వచ్చినామె "ఏమైందక్కా?" అని అడిగేదాకా నేను ఆమె కాగితాన్ని చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడి ఉన్నాను. ఆ వాసన నన్ను మెట్‌పల్లికి, పోశవ్వ పెద్దమ్మ మేడగదికి తీసుకుపోయింది. ఆమె మాకు చుట్టం కాదు. వీధిలో అందరికన్నా పెద్దది కాబట్టి నాకు పెద్దమ్మ. సంతకం పెట్టడం తప్ప అక్షరం రాని మనిషి. కానీ ఈరోజు నేను నాలుగు పుస్తకాలు చదివిన మనిషినని గర్వంగా చెప్పుకుంటున్నానంటే, దానికి నాకు పుస్తకాలిచ్చిన గ్రంథాలయం ఎంత కారణమో ఆమె కూడా అంతే కారణం.

మా వీధిలో ఆడవాళ్ళందరూ బీడీలు చేసేవారు. మగవాళ్ళు కొందరు దుబాయిలో ఉండేవారు, కొందరు మా నాన్నలాగా మరమగ్గాల మీద పనిచేసేవారు. ఇళ్ళన్నీ రేకులవి, పట్టపగలు కూడా లోపల మసకగా ఉండేవి. బీడీకి తునికాకును కొలతగా కత్తిరించాలంటే మంచి వెలుగు కావాలి. అందుకని చాటలు చంకన పెట్టుకుని అందరూ పోశవ్వ పెద్దమ్మ ఇంటి మేడగదికి చేరేవారు. ఆమె భర్త మేస్త్రీ. కింద రెండు గదులు, పైన ఒక పెద్ద గది తన చేతులతోనే కట్టాడు. పైగది గోడలకు గిలాబు చేయకముందే జబ్బుచేసి పోయాడు. ఇటుకలు కనిపించే ఆ గోడలను ఎవరైనా ప్రస్తావిస్తే, "గిలాబు లేకుంటేంది? మనుషులు వీపులు ఆనిచ్చి ఆనిచ్చి గోడలు నున్నగైనయి సూడు" అనేది. నోరు పెద్దది, ఓపిక తక్కువ. మనసులో మాట పుట్టడం, కాలు లేవడం రెండూ ఒకేసారి జరిగేవి.

నేను పదో తరగతి పాసై, చదువు ఆగిపోయి, కొత్తగా చాట పట్టుకున్న రోజులవి. ఊరి గ్రంథాలయంలో సభ్యత్వాన్ని మాత్రం వదల్లేదు. పుస్తకాన్ని చాటలో ఆకు కింద దాచుకుని, బీడీ చుట్టుకుంటూనే ఓ కన్ను దాని మీద వేసేదాన్ని. ఒకరోజు పెద్దమ్మ కంట పడ్డాను.

"ఏందే జమునా, బీడీలు చేస్తున్నవా, గుడ్లు పొదుగుతున్నవా? పొద్దటి సంది నీ తల లేస్తలేదు."

తిట్లు పడతాయనుకుంటూ పుస్తకం బయటికి తీశాను.

"ఏమున్నది దాంట్ల?"

"కథ పెద్దమ్మా. ఇద్దరు అక్కచెల్లెండ్లు, ఒక బాయి కాడ పంచాయితి."

"మరి నీలో నువ్వే సదువుకుంటే మాకెట్ల తెలుస్తది? గట్టిగ సదువు."

"నా బీడీలెట్ల?"

పెద్దమ్మ తన చాటలోంచి పిడికెడు బీడీలు తీసి నా చాటలో వేసింది. "గిది నా పిడికెడు. ఇనేటోళ్ళు తలా పిడికెడు ఎయ్యిండ్రి. ఊకె ఇంటమంటే నడువదు."

గదిలో అందరికన్నా పదునైన నోరు దేవక్కది. "కథ మంచిగ లేకుంటే నా పిడికెడు వాపసిస్తదా?" అంది.

"మంచిగ లేదని తెలిసేసరికి సగం కథ ఇంటవు గద దేవక్కా. సగం పిడికెడు ఇస్త" అన్నాను. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి నేను మేడగదికి చదువరిని. ఆ గదిలోనే గొంతు పెంచడం, ఎక్కడ ఆగాలో తెలుసుకోవడం నేర్చుకున్నాను. తమ్ముడు చిన్నవాడు కాబట్టి అవ్వ, అంటే మా అమ్మ, ఇంటి దగ్గరే బీడీలు చేసేది. ఆమెది ఒకటే షరతు: "బీడీ కట్టలు తగ్గినయంటే నీ పుస్తకం పొయ్యిల పెడత."

చలికాలమంతా బాగా నడిచింది. అసలు చిక్కు ఎండాకాలంతో వచ్చింది. పైన స్లాబు, నాలుగు వైపులా ఎండ. ఉగాది దాటేసరికి మేడగది పెనంలా కాలేది. ఫ్యాను ఉండేది కానీ వేసుకోవడానికి లేదు. వేస్తే చాటల్లోని తంబాకు లేచి కళ్ళల్లో పడుతుంది. కిటికీలు తీస్తే వడగాలి కూడా అదే పని చేస్తుంది. ఒక్కొక్కరే ఇళ్ళకు పోయి, వేపచెట్టు నీడనో తాటాకు పందిరి కిందనో కూర్చునేవారు. వినేవాళ్ళు లేకపోతే పిడికెళ్ళు లేవు. పిడికెళ్ళు లేకపోతే నా కట్టలకు నేనే చేతులాడించాలి. అందరికీ ఎండాకాలమంటే ఎండ. నాకు మాత్రం పుస్తకం మూతపడే కాలం. మొదటి ఏడాది అట్లాగే పోయింది. రెండో ఏడాది ఒక పెద్ద నవల నడుమ ఉండగా గది ఖాళీ కావడం మొదలైంది. "ఆడ ఎవ్వలు లేనప్పుడు ఎవ్వలకు సదువుతవు? ఇంటికాడనే కూసో" అంది అవ్వ. ఒకసారి ఇంటి చీకట్లో కూర్చుంటే మళ్ళీ బయటికి రానని నాకు భయం పట్టుకుంది.

గ్రంథాలయానికి పోయి, ఇల్లు చల్లగా ఉంచడం గురించి ఏదైనా పుస్తకం ఉందా అని అడిగాను. పిల్లల బీరువాలో అట్ట ఊడిన సామాన్య శాస్త్రం పుస్తకం ఒకటి దొరికింది. దాంట్లో వేడి గురించి ఒక పాఠం. మర్నాడు మిగిలిన కొద్దిమంది ముందు దాన్నే చదివాను. నీరు ఆవిరయ్యేటప్పుడు తన చుట్టూ ఉన్న వేడిని తీసుకుంటుందని, అందుకే తడిబట్ట చుట్టిన కుండలో నీళ్ళు చల్లబడతాయని ఉంది. ఆ వాక్యం పూర్తయిందో లేదో, పెద్దమ్మ లేచి నిలబడింది.

"చాలు, ఆపు. అర్థమైంది."

కిందికి పోయి గోనెసంచులు తెచ్చింది. వాటిని తడిపి కిటికీలకు, తలుపుకు కట్టింది. మధ్యాహ్నానికి గది నిజంగానే చల్లబడింది. కబురు పాకి అందరూ తిరిగొచ్చారు. నవల మళ్ళీ నడిచింది. నా గొంతులో ఎంత గర్వముండేదో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.

ఆ వారమే, చేసిన బీడీలు అప్పజెప్పే కార్ఖానాలో దెబ్బ తగిలింది. బీడీలు చూసి తీసుకునే గుమాస్తా ఒకదాన్ని వేళ్ళ మధ్య నలిపి, "ఇవి బీడీలా, అప్పడాలా? తంబాకంత మెత్తబడ్డది" అన్నాడు. మూసిన గదిలో తేమంతా తంబాకుకు పట్టింది. మేడగదిలో చేసినవాళ్ళందరి కట్టలూ పక్కన పడేశాడు. తిరిగొచ్చే దారిలో దేవక్క ఊరుకోలేదు. "సదువుకున్న పోరి తెలివికి మా కష్టం మట్టిపాలాయె." ఇంట్లో అవ్వ ఒక్క మాటే అంది: "అయిపాయె. రేపటి సంది నువ్వు, నీ చాట, గీ రేకుల కిందనే."

సాయంత్రం పెద్దమ్మ మా ఇంటికి వచ్చింది. గుమ్మం దగ్గర కడప మీదే కూర్చుంది.

"చెల్లె, పిల్లను అనకు. సదివింది అది, నడుమల ఆపింది నేను. ఇంకా సదువుతనే ఉండె. నేనే చాలని లేసిన. గిప్పుడు చెప్పు, తప్పెవలది?"

"ఎవలదైతేంది అక్కా? పడేసినయి మళ్ళ చేతికొస్తయా?" అంది అవ్వ.

"రావు. గందుకే మిగిలింది ఇందాం. తే బిడ్డా ఆ పుస్తకం. గీసారి నా నోరు నేనే కట్టేసుకుంట."

అని నిజంగానే కొంగు చివర పళ్ళ మధ్య పెట్టుకుంది. అరవై ఏళ్ళ మనిషి, వీధి మొత్తాన్ని నోటితో నడిపిన మనిషి, కొంగు కొరుక్కుంటూ మా కడప మీద కూర్చుని ఒక పాఠం మొదటి నుంచి చివరిదాకా వింది. నేను చదివాను. గాలి ఆడని చోట తడి నిలిచిపోతుందని ఉంది. స్లాబు ఇంటికి వేడి ఎక్కువగా పైకప్పు నుంచే దిగుతుందని, లోపలికి వచ్చాక దాన్ని తరమడం కన్నా బయటే ఆపడం మేలని ఉంది. తెలుపు రంగు ఎండను తిప్పికొడుతుంది. గడ్డి, రంపపు పొట్టు లాంటి తేలికైన ఎండు వస్తువుల నడుమ చిక్కుకున్న గాలి వేడిని దిగనివ్వదు. బయట లోపలికన్నా వేడిగా ఉన్నంతసేపూ కిటికీలు మూసి, పొద్దుగూకాక తీయాలి. పాఠం అయిపోయిందని చెప్పాకే పెద్దమ్మ కొంగు వదిలింది.

"అన్ని మంచిగనే ఉన్నయి గని, గంత గడ్డి ఎవలిస్తరు? గొడ్లకే సాల్తలేదు."

అవ్వ పొయ్యి ముందు కూర్చుని ఉంది. మా వైపు తిరగకుండానే అంది: "గడ్డెందుకు? ఇంటింటికి ఆకుతుక్కు కుప్పలు లేవా? గీ ఎండల దాంతోని నీళ్ళు కాగబెట్టుకునేది ఉన్నదా, ఏమన్ననా?"

తునికాకులోంచి బీడీకి కావలసిన ముక్క కత్తిరించాక చాలా ఆకు మిగులుతుంది. దాన్నే మేము ఆకుతుక్కు అనేవాళ్ళం. స్నానాల నీళ్ళు కాచుకోవడానికి ప్రతి ఇంటి వెనకా పోగేసి ఉంచుకునేవారు. పెద్దమ్మ నా తొడ మీద చరిచింది. "సూస్తివానే, పుస్తకంల లేనిది మీ అవ్వ నోట్ల దొరికె!" అవ్వ ముఖం ఇటు తిప్పలేదు కానీ, ఆమె నవ్వు ఆపుకుంటోందని నాకు తెలిసింది.

మర్నాటి నుంచి మెట్ల మీద ఆకుతుక్కు ఊరేగింపే. ఒక్కొక్కరు తమ ఇంటి కుప్పను సంచుల్లో కుక్కి మోసుకొచ్చారు. అందరికన్నా చివర దేవక్క వచ్చింది. గొణుగుతూనే వచ్చింది, అందరికన్నా పెద్ద సంచితో వచ్చింది. సంచుల మూతులు సుతిలి దారంతో కుట్టి, సందు లేకుండా స్లాబు మీద పక్కపక్కన పరిచాం. పైన గంజి కలిపిన సున్నం చీపుళ్ళతో రెండు సార్లు పూశాం. పొద్దున చూస్తే మేడ మీద తెల్లటి పరుపులు వేసినట్టుంది. ఆ వేసవిలో వీధిలోంచి పెళ్ళి బరాత్ పోయినప్పుడల్లా, ఎండుతుక్కు మీద నిప్పురవ్వ పడుతుందేమోనని పెద్దమ్మ నీళ్ళ బకెట్‌తో మేడెక్కి కాపలా కాసేది. "పెండ్లి మీదే గని ఇల్లు నాది! పటాకలు జర దూరం పోయి కాల్చుకోండ్రి" అని అరిచేది. పెళ్ళికొడుకు గుర్రం మీది నుంచి దండం పెట్టేవాడు.

కానీ ఒక చిక్కు మిగిలింది. పాఠంలో చెప్పినట్టు పొద్దెక్కకముందే కిటికీలన్నీ మూస్తే గది చీకటైపోయేది. వెలుగు కోసమే కదా అందరూ ఆ గదికి వచ్చింది! ఆకు కత్తిరించే పని పొద్దున్నే వెలుగు రాగానే ఎవరింటి ముందు వాళ్ళు ఆరుబయట ముగించుకుని, చుట్టడానికి మాత్రం పైకి రావాలని పెద్దమ్మ ఏర్పాటు చేసింది. ఉత్తరం వైపు కిటికీ రెక్కను మాత్రం జానెడు తెరిచి ఉంచింది. గదంతటికీ వెలుగు అదొక్కటే. దేవక్క తన పీట ఎత్తుకుని నేరుగా అక్కడికి నడిచింది.

"గాడ నేను కూసుంట. నాకు చూపు సరిగ ఆనుతలేదు."

"చేతులకు కండ్లెందుకే దేవీ?" అంది పెద్దమ్మ. "పదేండ్ల పిల్లప్పటి సంది చుడుతున్నవు, నిద్రల కూడ చుడుతవు. వెలుగు సదివేటోళ్ళకు."

నా పీట లాగి ఆ జానెడు వెలుగులో వేసింది. దేవక్క తన పీటను గోడ వారకు జరుపుకుంది. నేను పుస్తకం తెరిచాను. చీకట్లో ముఖాలు కనపడేవి కావు. దారాలు తెగే చప్పుడు, గాజుల చప్పుడు, కథలో దుఃఖం వస్తే ఎక్కడి నుంచో ఒక నిట్టూర్పు వినిపించేవి. ఒకరోజు అధ్యాయం ముగిసి తల ఎత్తేలోపు ఒక చెయ్యి నా చాటలో పిడికెడు బీడీలు వేసింది. ఆ చేతికి ఉన్న ఆకుపచ్చ గాజులను గుర్తుపట్టాను. తమ్ముణ్ణి పక్కింట్లో వదిలి అవ్వ ఎప్పుడొచ్చి కూర్చుందో నాకు తెలియదు. "ఏం సూస్తున్నవు? సదువు" అంది.

గది చల్లగా ఉందని అబద్ధం చెప్పను. చెమటలు పోసేవి. కానీ కూర్చోగలిగేంతగా ఉండేది, తంబాకు పొడిగా ఉండేది, వానలు పడేదాకా ఒక్కరూ లేచిపోలేదు. నవల పూర్తయింది. ఇంకో రెండు కూడా చదివాం. ఆ తరువాత నేను ఇంటి దగ్గర చదువుకుంటూనే దూరవిద్యలో డిగ్రీ పరీక్షలు రాశాను, పెళ్ళయి కరీంనగర్ వచ్చాను, దుకాణం పెట్టుకున్నాను. మెట్‌పల్లి పోయినప్పుడల్లా మొదట పెద్దమ్మ ఇంటికే పోయేదాన్ని. చివరి రోజుల్లో ఆమెకు చూపు పోయింది. నేను చెయ్యి పట్టుకుని బాధపడుతుంటే కసిరింది.

"ఏడువకు. నాకు చీకటి కొత్తనానే? గా ఎండకాలాలల్ల చీకట్ల కూసోనే ఎన్ని ఊర్లు తిరిగిన్నో! నీ సంచిల ఏమున్నదో తియ్యి."

తీసి చదివాను. ఒక్కసారి కూడా ఆపలేదు ఆమె. ఆ ఏడు వానాకాలంలోనే పోయింది.

ఇప్పుడు పొద్దున దుకాణం తెరవకముందు గంటసేపు గ్రంథాలయంలో కూర్చుంటాను. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు చుట్టూ ఉంటారు. నిశ్శబ్దం పాటించమని గోడ మీద రాసి ఉంటుంది. నేనూ పాటిస్తాను కానీ నా పెదవులు మాత్రం ఆగవు. ప్రతి మాటా నోట్లో పలుకుతూనే ఉంటుంది. దుఃఖం వచ్చిన చోట కాస్త ఆగుతాను, ఎవరో నిట్టూర్చడానికి సమయమిస్తున్నట్టు. పిల్లలు చూసి నవ్వుకుంటారు. నవ్వుకోనీ. నేనెప్పుడూ ఒక్కదాన్నే చదువుకోలేదు.