ఎండలో ఉన్నికోటు

మా ఆవిడ ఈ ఊరికి ఓడలో వచ్చింది. బర్మా నుంచి కట్టుబట్టలతో వెళ్ళగొట్టిన తెలుగువాళ్ళతో పాటు, వాళ్ళమ్మ కొంగు పట్టుకుని విశాఖ రేవులో దిగింది. అప్పటికి చిన్నపిల్ల. తర్వాత కొన్నేళ్ళకి నేను అదే రేవులో కూలీగా చేరి, సరుకు సంచుల మీది ముద్రలు చూసి చదవడం నేర్చుకుని, క్రేను నడిపి రిటైరయ్యాను. "నువ్వు దించిన సరుకులో నాను లేను, బతికిపోయాను" అని ఇప్పటికీ ఏడిపిస్తుంది.

మొన్న చలికాలం ముందు టీవీలో మళ్ళీ బర్మా నుంచి వచ్చినవాళ్ళనే చూపించారు. ఈసారి అక్కడి జనమే. బాంబులకి భయపడి సరిహద్దు దాటి, మన ఈశాన్య కొండల్లో గుడారాలు వేసుకున్నారట. మా ఆవిడ గరిట చేత్తో పట్టుకునే నిలబడి చూసింది.

"మావా, ఆళ్ళకేదైనా సెయ్యాల."

ఇన్నేళ్ళ కాపురంలో చీర అడగలేదు, నగ అడగలేదు. నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే. చెడగొట్టకూడదనుకున్నాను. అనుకున్న వారంలోనే చెడగొట్టాను.

నేను సరుకు మనిషిని. సాయమంటే నా బుర్రకి తట్టేది మూటే. కంచరపాలెంలో మా వీధంతా తిరిగి పాత బట్టలు పోగేశాను. రేవులో నాతో పనిచేసినవాడు, బావా అంటే బావా అనుకుంటాం, ఆటోలో వేసుకుని మరీ తెచ్చాడు. విప్పితే ఏముంది? నల్లబడిన జరీ చీరలు, జిప్పు పోయిన ప్యాంట్లు. బీరువాలో చోటు కావలసొచ్చినప్పుడే మనవాళ్ళకి పేదలు గుర్తొస్తారు! దాన్ని దానమంటారా, ఇల్లు ఊడ్చుకోవడమంటారా? అన్నిటికీ అడుగున ఒక నల్ల ఉన్నికోటు. సీతమ్మధారలో ఉండే మా పాత ఆఫీసరుగారిది.

దాన్ని చూసి మా ఆవిడ నేలమీద కూలబడి నవ్వింది. "ఓలమ్మో! ఈ కోటు మళ్ళీ వచ్చిందేటి!"

అప్పుడు చెప్పింది. వాళ్ళు రేవులో దిగింది నడివేసవిలో. ఎవరో పుణ్యాత్ములు వాళ్ళ నాన్నకి ఇలాంటి కోటే ఇచ్చారట. ఆయన దణ్ణం పెట్టి పుచ్చుకుని, శిబిరంలో దాన్ని మడిచి కూతురికి పరుపు చేశాడట.

"ఒక్కావిడ మాత్రం వచ్చి మా అమ్మని అడిగింది, ఏటి కావాలమ్మా అని. మా అమ్మ సిగ్గుపడి సిగ్గుపడి, దువ్వెన అంది. ఓడలో నా తల్నిండా పేలు పట్టేసినాయి. మర్నాడు దువ్వెనా, కొబ్బరినూనె సీసా తెచ్చిచ్చింది. అన్నం పెట్టినోళ్ళ మొకాలు ఇప్పుడు గుర్తులేవు మావా. ఆవిడ మొకం గుర్తుంది."

బావ టీ ఊదుకుంటూ, "అది సరే సెల్లీ, అప్పుడొచ్చింది మనోళ్ళు. ఈళ్ళు మనోళ్ళేటి?" అన్నాడు.

"మేం దిగినప్పుడూ ఇదే అన్నారన్నా. బర్మావోళ్ళొచ్చారు, మన కూలి లాక్కుంటారని."

బావ టీ గ్లాసు పక్కన పెట్టాడు. విప్పిన మూటలు మళ్ళీ కట్టడం మొదలెట్టాడు.

"అడిగి పెట్టేవోళ్ళెవరో కనుక్కో. ఆళ్ళకే ఇద్దాం," అంది ఆవిడ నాతో.

కనుక్కోవడం అంత సులువా? ఒక పెద్ద సంస్థకి ఫోన్ చేసి, అక్కడి జనం ఏం కావాలంటున్నారయ్యా అంటే, పన్ను మినహాయింపు రసీదు ఇస్తాం సార్ అన్నారు. నేనడిగిందేమిటి, వాళ్ళు చెప్పిందేమిటి! ఇంకో సంస్థ ఏడుస్తున్న పసిపిల్ల ఫొటో నా ఫోన్‌కి పంపింది. ఆ పిల్ల తల్లిని అడిగే తీశారా అని ఫోన్లో అరిచాను. అవతలి అమ్మాయి ఠక్కున పెట్టేసింది. మా ఆవిడ నామీద పడింది. "జీతానికి పన్జేసుకునే పిల్ల మీదా నీ పెతాపం?"

చివరికి దారి చూపించింది ద్వారకా నగర్‌లో నాకు జుట్టు కత్తిరించే అమ్మాయి. ఆమెది ఆ కొండ ప్రాంతమే. వాళ్ళ ఊళ్ళో ఆడవాళ్ళ సంఘం ఒకటి శిబిరానికి సాయం చేస్తోందని, వచ్చిందీ ఖర్చయిందీ అందరికీ కనబడేలా గోడమీద అంటిస్తారని చెప్పి నంబరిచ్చింది. నాది రేవు హిందీ, ఆ సంఘం పెద్దావిడది కొండ హిందీ. ఎలాగో కలిశాయి. ఫోన్ స్పీకర్లో పెట్టి, ఏం కావాలమ్మా అన్నాను.

"నేనెలా చెప్తాను? అడిగి చెప్తాను," అంది.

మా ఆవిడ గరిట కింద పెట్టి, నా వైపు చూసి తలూపింది. సంస్థ కుదిరిపోయింది.

రెండు రోజులకి కబురొచ్చింది. వాన కారకుండా టార్పాలిన్లు కావాలట. డబ్బు పంపితే అక్కడే కొంటారట. "ఇంకోటి. ముసలివాళ్ళు చలికి ఆగలేకపోతున్నారు. మీ దగ్గర పాత ఉన్నికోట్లేమైనా ఉన్నాయా?"

"ఇప్పుడు నవ్వవే," అన్నాను మా ఆవిడతో.

నవ్వలేదు. డబ్బు నా చేత ఆ పూటే పంపించింది. కోటు దులిపి డాబామీద ఎండేసింది. ఊడిన గుండీ కుట్టింది. పార్సిల్ కడుతుంటే జేబులో ఏదో గట్టిగా తగిలింది. తీసి చూస్తే కొత్త దువ్వెన.

"అడక్కుండా పెట్టకూడదన్నది నువ్వే కదా?"

"మా అమ్మ సిగ్గుపడలేదూ? అక్కడా ఎవరో సిగ్గుపడుతుంటారు," అని దువ్వెన లాక్కుని మళ్ళీ జేబులో దోపింది. "నువ్వు తాడు గట్టిగా కట్టు మావా. పెద్ద సరుకు మనిషివి!"