నిద్ర చేసి రమ్మన్న మేడం

ఈ బంగళాలో పక్కదుప్పట్లు ఎంత ఎండకు ఆరేసినా మధ్యాహ్నానికి మళ్లీ చెమ్మగిల్లుతాయి. ఒళ్లు వాల్చగానే ఉప్పుగాలి, పాత సున్నపు గోడల తడి కలిసిన వాసన ముక్కుకు తగిలింది. కిటికీ అవతల సముద్రం తన మానాన తాను హోరుమంటోంది. రాత్రంతా రైల్లో, ఆ తర్వాత రెండు గంటలు బస్సులో కూర్చుని వచ్చానేమో, నడుం పట్టేసింది. నలభై దాటాక ప్రయాణం సరదా కాదు, చాకిరీ. ఒకప్పుడు ఎవరో జమీందారు వేసవి విడిదిగా కట్టుకున్న ఇల్లు ఇది, ఇప్పుడు హోటలు. నేను పనిచేసే హిమాయత్‌నగర్ టూర్ల కంపెనీ నన్నిక్కడికి పంపలేదు. సెలవు పెట్టి నేనే వచ్చాను. "ఫోన్ల ఫొటోలు చూస్తె తెలువదా అన్నా?" అని ఆఫీసులో కొత్తవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. వాళ్లు రాజేశ్వరి మేడం దగ్గర పనిచేయలేదు.

జనగామ దగ్గరి మా ఊరి నుంచి సర్కారు కొలువు కోసం వచ్చి, అశోక్‌నగర్ హాస్టల్లో నాలుగేళ్లు పుస్తకాలతో కుస్తీ పట్టి, కళ్లూ మనసూ రెండూ అరిగిపోయాక నేను మేడం దగ్గర చేరాను. నారాయణగూడలో ఒక మిఠాయి దుకాణం పైన రెండు గదుల ఆఫీసు ఆమెది. చిక్కడపల్లి ఇంటి నుంచి రోజూ నడిచే వచ్చేది. నేత చీర, మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలు, ఎవరితోనూ గొంతు పెంచని మాట. రాంనగర్, చిక్కడపల్లి వైపు ఉద్యోగాలు ముగించుకున్న పెద్దవాళ్లను పదేసి మందిగా యాత్రలకు తీసుకెళ్లడం మా పని. ఆ పనిలో ఆమెకు ఒకే ఒక నియమం ఉండేది. మనలో ఒకరు ఒక రాత్రి పడుకుని చూడని చోటికి ఎవరినీ పంపకూడదు. "గుడికి పోతె ఒక నిద్ర చేసి వస్తం గద యాదగిరీ, గట్లనే అనుకో. దేవుణ్ని నిమిషంల చూడొచ్చు. జాగ ఎట్లుందో తెల్వాలంటె మాత్రం పండుకోవాలె" అనేది.

మొదటిసారి నన్ను ఒక పుణ్యక్షేత్రంలోని లాడ్జికి వెంట తీసుకెళ్లింది. గదిలోకి పోగానే అందరూ ఫ్యాను వేసి చూస్తారు, టీవీ చూస్తారు. ఆమె మంచం మీద కూర్చుని లేచింది, మళ్లీ కూర్చుని లేచింది. తర్వాత ఒక చేత్తో బరువు సంచీ, ఇంకో చేత్తో చీర కుచ్చిళ్లు పట్టుకుని మెట్లెక్కింది. "ఆడోళ్లకు ఒక చెయ్యి కుచ్చిళ్లకే పోతది. ఒక చేతుల సంచి. ఇగ గోడను దేనితోని పట్టుకోవాలె, చెప్పు?" అంది. అప్పటికి నాకు ముప్పై నిండలేదు. మోకాళ్లున్నాయన్న సంగతే తెలియని వయసు. ఇదంతా ఉత్త చాదస్తం అనిపించింది. అయినా తలూపాను.

ఆరు నెలలు గడిచాక ఈ బంగళాను చూసి రమ్మని నన్నొక్కణ్నే పంపింది. మేనేజరు ఎదురొచ్చి పైగదులు, పొడవాటి వరండా, టేకు మెట్లు అన్నీ తిప్పి చూపించాడు. "మా దగ్గర గాలికే సగం జబ్బులు పోతాయండి" అన్నాడు. చేపల పులుసుతో భోజనం పెట్టాడు. స్నానాల గదులు, మరుగుదొడ్లు మాత్రం పాతకాలం ఇళ్లలో లాగే కింద, వెనక పెరట్లో ఉన్నాయి. శుభ్రంగా ఉన్నాయా లేవా అని చూశాను, అంతే. సాయంత్రానికి విశాఖపట్నంలో ఉన్న హాస్టల్ స్నేహితుడు ఫోన్ చేసి రమ్మన్నాడు. చూడాల్సింది చూశాను కదా అనుకుని బస్సెక్కి, వాడి గదిలో హాయిగా పడుకున్నాను. "నిద్ర చేసి వచ్చిన మేడం. మస్తుగుంది" అని చెప్పాను. ఆమె నమ్మింది. నమ్మకపోవడానికి కారణమేముంది?

ఆ చలికాలం పదకొండు మందితో మేడం, నేను ఇక్కడికి వచ్చాం. వాళ్లలో శకుంతలమ్మ గారని చిక్కడపల్లి టీచరమ్మ ఉంది. ముప్పై ఏళ్లు పిల్లలకు పటం మీద సముద్రాలు చూపించి, తాను ఒక్కసారీ సముద్రం చూడని మనిషి. "ఒక్కసారి నీళ్లల్ల కాళ్లు పెడితె చాలు బిడ్డా. ఈతలు కొట్టనీకి వస్తలేను" అని రైల్లో నాతో నవ్వుతూ అంది. చేరేసరికి చీకటి పడింది. సముద్రం రేపు చూద్దామని అందరూ పైకెక్కి పడుకున్నారు. పొద్దున్నే తయారై ఒక్కొక్కరూ కిందికి దిగుతుంటే శకుంతలమ్మ గారు మెట్ల దగ్గర కళ్లు తిరిగి కూలబడింది. మేడం పరుగున వెళ్లి పట్టుకుంది, పక్కనే పడిన శకుంతలమ్మ గారి సంచీలోంచి నీళ్ల సీసా తీసింది. ముందురోజు మధ్యాహ్నం దారిలో ఒక స్టేషన్‌లో నేను నింపి ఇచ్చిన సీసా అది, మూత కూడా తీయలేదు. "నీళ్లు ఎందుకు తాగలేదమ్మా?" అంది మేడం. ఆమె సిగ్గుపడుతూ, "తాగితె రాత్రి లేవాలె గద రాజేశ్వరీ. చీకట్ల గిన్ని మెట్లు దిగుడు ఎక్కుడు నాతోని కాదు. బాత్రూములు కిందనే ఉంటయని నిన్న రైల్లనే యాదగిరి చెప్పిండు" అంది.

మేడం నా వైపు చూసింది. "నువ్వొచ్చిన రాత్రి ఎన్నిసార్లు దిగినవ్ యాదగిరీ?" అని మెల్లగా అడిగింది. తేలు కుట్టిన దొంగలా సీసా అందుకుని మూత తీయసాగాను. అంతటితోనే ఆమెకు సంగతి అర్థమైంది. మళ్లీ అడగలేదు. మేనేజరుతో మాట్లాడి కింద అతని ఆఫీసు గది ఖాళీ చేయించి మంచం వేయించింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే అయింది. డాక్టరు వచ్చి సెలైన్ పెట్టాడు, ఇసుకలోకి కదలనివ్వొద్దన్నాడు. మర్నాడు బయల్దేరే ముందు వరండాలో కుర్చీ వేస్తే శకుంతలమ్మ గారు అక్కడినుంచే సముద్రాన్ని చూసింది. "కనవడ్డది గద, చాలు. మంచిగ తిప్పినవ్ బిడ్డా" అంది నాతో. తిట్టినా బాగుండేది.

నారాయణగూడ వచ్చాక ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. మేడం ముందు నిలబడి, ఆ రాత్రి నేను ఎక్కడ పడుకున్నానో చెప్పేశాను. ఆమె కళ్లద్దాలు తీసి, "నాకెందుకు చెప్తున్నవ్? పడ్డది నేను కాదు గద. పోయి ఆమెకు చెప్పు" అంది. చిక్కడపల్లి సందులో ఆ ఇంటి ముందు రెండుసార్లు అటూఇటూ తిరిగి, చివరకు లోపలికి వెళ్లాను. శకుంతలమ్మ గారు స్టూలు మీద కాళ్లు చాపుకుని అంతా విన్నది. "ఆ దోస్తు రూంల మంచిగ నిద్ర పట్టిందా?" అని అడిగింది. "పట్టిందమ్మా" అన్నాను. "నాకు పట్టలే. యాడ లేవాల్సి వస్తదో అని తెల్లారెదాంక ఒకటే భయం" అంది. ఎత్తిపొడుపు కాదు, జరిగింది చెప్పిందంతే. తర్వాత చాయ్ నా ముందుకు జరిపి, చల్లారుతుంది తాగమంది.

మేడం నన్ను పనిలోంచి తీయలేదు. అదే బంగళాకు, అదే పైగదికి మళ్లీ పంపింది. "సాయంత్రం రెండు చెంబుల నీళ్లు తాగి పండుకో" అని మాత్రం చెప్పింది. నాలుగుసార్లు దిగాను, నాలుగుసార్లు ఎక్కాను. పెరట్లో దీపం ఏ గంటకు ఆర్పేస్తారో, ఏ మెట్టు వంగిందో అప్పుడు తెలిసింది. మరుసటి ఏడు చలికాలానికి కింద అన్ని వసతులతో ఒక గది సిద్ధం చేయించాం. శకుంతలమ్మ గారిని పిలిస్తే, "ఇగ రైలెక్కే ఓపిక లేదు" అంది. కొన్నాళ్లకు పోయింది. ఆమె కాళ్లకు సముద్రం తగలలేదు. దానికి కారణం నేను. ఇన్నేళ్లలో ఈ మాటను మెత్తగా చెప్పుకోవాలని చాలాసార్లు చూశాను, కుదరలేదు. మేడం ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. జనం బుకింగులన్నీ ఫోన్లలోనే చేసుకోవడం మొదలయ్యాక ఆఫీసు మూసేసింది. పోయినేడు ఆమె కూడా కన్నుమూసింది. ఎక్కడికి వెళ్లినా ఆమె ముందు నిలబడి లెక్క అప్పజెప్పాలన్నట్టే ఉంటుంది నాకు. అలసట అంతా అందులోనే ఉంది. వదిలేద్దామంటే మాత్రం చేతకాదు.

ఇప్పుడు ఇక్కడ పైన కూడా ప్రతి గదికీ స్నానాలగది కట్టారు, మెట్ల పక్కన పట్టుకోవడానికి కమ్మీ వేశారు. మేనేజరు మారాడు, మాట తీరు మారలేదు. పడుకునే ఇవన్నీ తలుచుకుంటుండగా ఫోన్ మోగింది. అశోక్‌నగర్ నుంచి ఒకామె. మోకాళ్ల నొప్పులున్న వాళ్లమ్మను ఇక్కడికి తీసుకురావాలని పది రోజులుగా అడుగుతోంది. "ఎట్లుందన్నా, అమ్మకు పనికొస్తదా?" అంది. సాయంత్రం బస్సుంది. అదెక్కి రాత్రి రైలు అందుకుంటే తెల్లారేసరికి మా ఇంట్లో, నా మంచం మీద ఉంటాను. బాగుందన్న మాట నోటిదాకా వచ్చింది.

"రేపు పొద్దుగాల చెప్తనమ్మా" అన్నాను.

"అక్కడనే ఉన్నరు గదన్నా, అంతా చూసిన్రు గద. ఇంకేముంది?"

"చూసిన. ఇంకా పండుకోలే."