లెక్క అడగని పావలా

బీదరు మైసూరు రాష్ట్రంలో కలిసిన తొలి ఏళ్లలో, ప్రతి శుక్రవారం మా అమ్మాయికి ఒక పావలా ఇచ్చేవాణ్ణి. అప్పటికి దానికి పదేళ్లుంటాయి. షరతు ఒక్కటే. ఆ పావలాకు ఎవరూ లెక్క అడగకూడదు, నేను కూడా. సొంత డబ్బు లేని మనిషికి సొంత బుద్ధి రాదని సభల్లో చెప్పేవాణ్ణి. బయట చెప్పింది ఇంట్లో చేయనివాడు నోరెత్తకూడదని నా పట్టుదల.

లెక్క అడగనన్నాను గానీ, అనుమానించనని అనలేదు.

మొదట్లో ఆ పావలా ఎటు పోయేదో పిల్ల నాలుక రంగే చెప్పేది. బడి ముందు బండి మీద ఐసు గోలా, ఎప్పుడైనా ఒక రిబ్బను. ఎండలు ముదిరేసరికి అవి ఆగిపోయాయి. ఒక మధ్యాహ్నం అటుగా వెళ్తూ చూశాను. పిల్లలంతా బండి చుట్టూ మూగారు. ఇది మాత్రం గోడకు ఆనుకుని చూస్తూ నిలబడింది. తర్వాత బండివాణ్ణి అడిగాను.

"మీ బిడ్డ వస్తలేదు మామా. పైసలియ్యుడు బంద్ చేసినవా ఏంది?" అన్నాడు.

మూఢనమ్మకాల మీద ఊరూరా తిరిగి వాదించే మనిషిని కనుక, నా అనుమానం తిన్నగా ఆ దారే పట్టింది. తాయెత్తులు అమ్మేవాడా? పరీక్ష గట్టెక్కిస్తానని హుండీ చూపించే పూజారా? దేవుడి పేరు చెప్పి పిల్లల చేతి డబ్బు గుంజేవాళ్లలో మతభేదం లేదు. మా సందులో ఆదివారం పిల్లలకు పాటలు నేర్పే క్రైస్తవ టీచరమ్మ ఇంటి కానుకల పెట్టె మీద కూడా కన్ను వేశాను. ఆమెనే అడిగాను. ఆమె నవ్వింది.

"పాటలకైతే వస్తది అన్నా. పెట్టె దగ్గరికొచ్చేసరికి మొఖం తిప్పుకుంటది. నీ బిడ్డనే, ఫికర్ చెయ్యకు."

భోజనాల దగ్గర పిల్ల ముఖం చూస్తూ కూర్చునేవాణ్ణి. "గట్ల గుడ్లురిమి చూస్తే పిల్లకు బుక్క దిగుతదా?" అని నా భార్య కసిరింది. ప్రతిదానికీ ఏదో ఒకటి అనే మా అమ్మ మాత్రం తల ఎత్తకుండా తింటోంది. అదీ నాకు అనుమానంగానే తోచింది.

ఆ వారమే బసవకళ్యాణ్‌లో శకునాల మీద వాదన పెట్టారు. ఎదుటి వక్త ఒక ముసలి పంతులు. పిల్లి ఎదురైతే ప్రయాణం మానుకునేవాళ్లను దులిపేస్తూ చేయి గట్టిగా విసిరాను. చొక్కా భుజం దగ్గర కుట్టు పటుక్కున తెగింది. ఆకుపచ్చ గుడ్డ చుట్టిన చిన్న మూట బల్ల మీద పడింది. గుడ్డ విడిపోయి ఒక పావలా దొర్లింది.

అదేమిటో మా వైపు పిల్లలకు కూడా తెలుసు. ఊరికి వెళ్లే మనిషి దండచేతికి గుడ్డలో నాణెం కడతారు. క్షేమంగా తిరిగొస్తే దాన్ని పేదవాడికి ఇచ్చేస్తారు. ఇమాం జామిన్ అంటారు. ముస్లింల ఆచారమే అయినా మా ఇళ్లలోకి ఎప్పుడో వచ్చేసింది.

వెనక నుంచి ఎవరో తెలుగులో అందుకున్నారు. "జామిన్ గట్టుకొని వచ్చినవా అన్నా? గందుకే పిల్లికి భయపడ్తలేవు."

సభంతా నవ్వింది. పంతులు నాణెం తీసి మర్యాదగా నా చేతిలో పెట్టాడు. తిట్టినా అంతకంటే బాగుండేది.

ఇంటికి వచ్చి ఆ పావలా అమ్మాయి ముందు పెట్టాను.

"లెక్క అడగనన్నవు కద నాయినా."

"లెక్క అడుగుతలేను. నా అంగీ సంగతి అడుగుతున్న."

"నువ్వు ఊరికి పోతే అవ్వ అన్నం తింటలేదు. నువ్వొచ్చేదాంక గట్లనే కూసుంటది. జామిన్ ఉన్నదంటేనే తింటది. దండకు కడ్తమంటే నువ్వు ఒప్పుకోవు. అవ్వ పైసలడిగితే ఎందుకంటవు. నా పైసలే ఎవ్వరు అడగరు."

ఇంట్లో లెక్క లేని డబ్బు అదొక్కటే. దానికి దారి వేసింది నేనే. ఆ ఎండాకాలం దాదాపు వారానికొక సభకు వెళ్లాను. నేను తిరిగొచ్చిన ప్రతిసారీ పిల్ల కుట్టు విప్పి, పావలా ఏ ముసలి ఫకీరుకో ఇచ్చేసి, మళ్లీ శుక్రవారం కోసం చూసేది.

డబ్బు ఆపేద్దామనిపించింది. నేను ఏ మంటను ఆర్పాలని తిరుగుతున్నానో దానికే నా పావలా నూనె పోయడమా? కానీ ఆపితే, ఆ డబ్బు మొదటి నుంచీ పిల్లది కాదని, నాదేనని ఒప్పుకున్నట్టు.

శుక్రవారం వచ్చింది. పిల్ల అరచేతిలో పావలా పెట్టాను. వేళ్లు ముడవకుండా అడిగింది, "దీన్నేం చేస్తనో చెప్పాల్నా?"

"వద్దు. పైసలు నీవి, అంగీ నాది. నన్నడగకుండ దాంట్ల ఏం కుట్టొద్దు."

"మంచిది. మరి అవ్వకు నువ్వే చెప్పు."

చెప్పాను. సభలో చెప్పినంత వివరంగా చెప్పాను. అమ్మ అంతా విన్నది. "మంచిగ చెప్పినవు కొడుకా. పోయి రా. నువ్వొచ్చినంక తింట."

తర్వాతి సభ కమలనగర్‌లో. బస్సులో చొక్కా కుట్లన్నీ తడిమి చూసుకున్నాను. ఏమీ లేదు. వాదన మంచి ఊపులో ఉండగా, చివరి ప్రశ్నకు సమాధానం చెప్పకుండానే లేచి మధ్యాహ్నం బస్సుకు పరిగెత్తాను. నేను ఓడిపోయి పారిపోయానని ప్రత్యర్థులు చెప్పుకున్నారట. చెప్పుకోనీ. ఇల్లు చేరేసరికి అమ్మ కంచం ఇంకా బోర్లించే ఉంది. పక్కనే పిల్ల కంచం కూడా. "నాకు ఆకలైతలేదు" అంది అది, నా వైపు చూడకుండా. అవ్వా మనవరాలూ కలిసి పన్నిన కుట్రేనని ఇప్పటికీ నా అనుమానం.

ఆ తర్వాత ఏ ఊరివాళ్లు సభకు పిలవడానికి వచ్చినా, వాదన దేని మీద అని అడగడం కంటే ముందు, తిరుగు బస్సు ఎన్నింటికని అడిగేవాణ్ణి.