ఒక కన్ను మూసి ఉప్పు చూసే సారు

మా ఆయన పోయినంక నేను వనస్థలిపురంల ఒక సారు ఇంట్ల పనికి కుదిరిన. ఆయనకు సముద్రం చేపల అక్వేరియం ఉండె. రోజూ పొద్దున అండ్లకెల్లి ఒక్క చుక్క నీళ్లు ఉప్పు కొలిచే గొట్టం మీటరు గాజు మీద ఏసి, కిటికీ దిక్కు తిరిగి, ఒక కన్ను మూసి ఉప్పు ఎంతుందో చూసెటోడు.

"ఉప్పెక్కడికీ పోదమ్మా, నీళ్లే ఆవిరైపోతాయి. తగ్గినంత మంచినీళ్లు పోస్తే చాలు" అని నాకు నేర్పిండు. నీళ్లు ఎంత దాక ఉండాల్నో అక్వేరియం అద్దం మీద స్కెచ్చుతోని గీత గీసిండు. నాకు సదువు రాదు గని గీత తెలుస్తది. ఆరేండ్లు ఆ గీత దాక ఫిల్టర్ నీళ్లు పోసిన, ఒక్క చేప సావలే.

ఒకసారి సారు రాజమండ్రి పోయిండు. నేను మగ్గు పట్టంగనే సారు పెండ్లాం, మేడమ్, గుంజుకున్నది. "సముద్రం చేపలకి చప్పటి నీళ్లేంటే, చచ్చిపోవూ?" అని దోసెళ్లకొద్ది ఉప్పు కలిపి తనే పోసింది. ఒద్దు మేడమ్ అంటే ఇన్నదా? నాలుగు రోజులు గట్లనే పోసింది. సారు ఒచ్చేసరికి చేపలన్నీ తేలినయి.

"ఏం పోశావే?" అని నా మీదికొచ్చిండు.

"నేను పోయలే సారు. మీటరు పెట్టి చూడుండ్రి, మేడమ్‌ని అడుగుండ్రి."

చూసిండు. ఉప్పు మస్తు ఎక్కింది. మేడమ్ మొఖం దిక్కు గూడ చూసిండు. ఆమె తల పక్కకు తిప్పుకున్నది. సారుకు సమజైంది, అది నేను కండ్లార చూసిన. అయినా మీటరు తుడుసుకుంట నాకే చెప్పిండు, "రేపట్నుంచి రాకు."

తడి కొంగుతోని అద్దం మీది గీత తుడిచి పారేసిన.

"ఆ రెండో కన్ను గూడ మూస్కో సారూ" అని గడప దాటిన.