పన్ను రసీదు మీద పేరు

మార్చి వచ్చిందంటే మా వీధిలోకి మున్సిపాలిటీ ఆటో వస్తుంది. దాని మీద కట్టిన మైకు గరగరమంటూ "ఇంటి పన్ను బకాయిదారులకు విజ్ఞప్తి..." అని మొదలుపెడుతుంది. ఆ తర్వాత ఏం చెబుతుందో నేనెప్పుడూ పూర్తిగా వినలేదు, ఈలోపే ఆటో మలుపు తిరిగిపోతుంది. నిన్న పొద్దున ఆ గొంతు వినపడేసరికి పొయ్యి మీద పాలు పెట్టినదాన్ని అలాగే నిలబడిపోయాను. పాలు పొంగి పొయ్యంతా పాడైంది. "ఫోన్లో కట్టేస్తే అయిపోద్దిగా, దానికింత ఆలోచనేంది?" అన్నాడు మా ఆయన. నేను గుడ్డ తీసుకుని పొయ్యి తుడవడం మొదలుపెట్టాను. అప్పటికే నా మనసు సీతారావమ్మత్త దగ్గరికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు మేముంటున్న ఈ ఇల్లు ఒకప్పుడు ఆవిడది. నరసరావుపేటకు కొత్తగా వచ్చినప్పుడు ఈ ఇంటి పై వాటాలోనే మేం అద్దెకు దిగాం. అత్త అనేది వరస కలిపి పిలుచుకున్న పిలుపే తప్ప మా మధ్య చుట్టరికం లేదు. భర్త పోయాడు, పిల్లల్లేరు. కారంపూడి పక్కన మెట్ట పొలం, ఇక్కడ ఈ ఇల్లు, ఎదుటివాళ్ళు ఏమనుకుంటారోనన్న బెంగ లేని నోరు ఆవిడ ఆస్తి. అద్దె కాస్త ఆలస్యమైతే మెట్ల కింద నిలబడి "ఏమే పద్మా, ఒకటో తారీఖు దాటిందని గుర్తుందా, మర్చిపోయావా?" అని వీధంతా వినపడేలా అడిగేది. ఆసుపత్రి ల్యాబులో నా డ్యూటీ ఆలస్యమైన రోజున అదే మనిషి గిన్నె మీద మూత పెట్టి గోంగూర పచ్చడీ అన్నం మెట్ల మీద ఉంచేది. మొదట్లో ఆవిడంటే భయపడ్డాను. తర్వాత ఆవిడ గొంతు వినపడని రోజు తోచేది కాదు.

ఒకసారి ఇంటి పన్ను కట్టడానికి నన్ను తోడు తీసుకెళ్ళింది. కౌంటర్ దగ్గర గుమాస్తా "కోటయ్య!" అని పిలిచాడు. అత్త చెయ్యెత్తి "ఉన్నాడు!" అంది. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు నవ్వారు. కోటయ్య ఆవిడ మామగారు. ఆయన పోయి చాలా కాలమైంది. అయినా పన్ను ఆయన పేరు మీదే వస్తోంది, ఆవిడ ఆయన పేరు మీదే కడుతోంది. మన వైపు ఇది వింతేమీ కాదు. పెద్దాయన పేరు కొట్టేయించడమంటే ఆయన్ని ఇంకోసారి సాగనంపినట్టు అనుకుంటారు. "ఆయన కట్టిన ఇల్లు, ఆయన పేరుంటే ఏం పోయింది?" అంది అత్త, రసీదు కొంగున ముడేసుకుంటూ. నాకూ అది ముచ్చటగానే అనిపించింది.

ఆ ముచ్చట ఎంత చిక్కు తెచ్చిందో ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు తెలిసింది. పొలంలో బోరు వేసుకుని, అక్కడే రెండు గదులు కట్టుకుని మిరప తోట దగ్గరే ఉండిపోవాలని అత్త నిశ్చయించుకుంది. "అమ్మితే నీకే అమ్ముతా. కొనగలవా?" అని నన్నే ముందు అడిగింది. కొనాలన్న ఆశ నాకు ఎప్పటినుంచో ఉంది. ఊళ్ళో ఇళ్ళ ధరలు మా చేయి దాటిపోతున్నాయి, ఇది తప్పితే మళ్ళీ అద్దె ఇళ్ళ వెంట తిరగడమే. మా ఆయనది మోటార్ల వైండింగ్ షాపు. చేతికి వచ్చేదే తప్ప కాగితం మీద ఆదాయం లేదు. నా జీతం బ్యాంకులో పడుతుంది కాబట్టి లోను నా పేరు మీదే రావాలి.

బ్యాంకు వకీలు కాగితాలు చూసి రెండు మాటలు తేల్చి చెప్పాడు. ఇల్లు చనిపోయిన మనిషి పేరు మీద ఉండగా లోను రాదు. కోటయ్య వారసులంతా పేర్లు మార్పించుకుని, అందరూ సంతకం చేసి అమ్మాలి. ఇక రెండోది, దస్తావేజులో ఎంత ధర రాస్తే దాన్ని బట్టే లోను. ఇక్కడి అలవాటు మీకు తెలిసిందే. గవర్నమెంటు విలువ ఎంతో అంతే దస్తావేజులో రాసి, మిగతాది చేతిలో పెడతారు. అమ్మేవాళ్ళకు ఆదాయపు పన్ను మిగులుతుంది, కొనేవాళ్ళకు స్టాంపు ఖర్చు మిగులుతుంది. డబ్బు సంచితో వచ్చేవాళ్ళకు అది బాగానే ఉంటుంది. లోను మీద కొనే మాలాంటివాళ్ళకు మాత్రం సగం ఇంటికే లోను వస్తుంది. మిగతా సగం ఎక్కడినుంచి తేవాలో తెలియక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడే బ్రోకరు ఇంకో పార్టీని తెచ్చాడు. నగదు పార్టీ, లోను గొడవ లేదు, నాకు చెప్పిన ధర కన్నా ఎక్కువే ఇస్తానన్నారు. నేను మెట్ల మీద నిలబడి వింటూనే ఉన్నాను. ఇల్లు చేజారిందనే అనుకున్నాను.

"ఇంకొక్క చిన్న సంగతమ్మా" అన్నాడు బ్రోకరు. "మీ మామగారికి కూతురుంది కదా, మాచర్లలో. ఆవిడ్ని కదిలించామా, వాటా అంటుంది. వారసుల కాగితంలో ఆవిడ పేరు లేకుండా నేను తెప్పిస్తాలే."

మాచర్లలో ఉన్న ఈ ఆడబిడ్డ భూలక్ష్మితో అత్తకు మాటలు ఆగిపోయి చాలా ఏళ్ళయిందని నాకు తెలుసు. తండ్రి దినం రోజున భూలక్ష్మి వాటా ఊసెత్తితే, అత్త మొగుడు "నీకు పెళ్ళిలో పెట్టేశాంగా" అని కసిరి పంపాడట. అదే ఆఖరు.

"పోయినాయన్ని ఉన్నాడని చెప్పి ఇన్నేళ్ళు పన్ను కట్టా" అంది అత్త. "ఉన్న మనిషిని లేదని రాయమంటావా? లెగు. ఇల్లు పద్మకి చెప్పా, పద్మకే ఇస్తా."

ఆ వారమే మాచర్ల బస్సెక్కాం. కారంపూడి దాటేదాకా ఆవిడ కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. నాకే గుబులు పట్టలేక "ఆవిడ కాదంటే ఏం చేద్దాం అత్తా?" అన్నాను.

"మళ్ళీ వస్తాం. మళ్ళీ కాదంటే మళ్ళీ వస్తాం. బస్సులు ఆగిపోలేదుగా."

భూలక్ష్మి వసారాలో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. మమ్మల్ని చూసి లేవలేదు. "ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా వదినా?" అంది.

అత్త కూడా కిందే కూర్చుంది. గుప్పెడు కాయలు ముందుకు లాక్కుని తనూ తొడిమలు తీయడం మొదలుపెట్టింది. "సంతకం కోసం వచ్చా. అబద్ధమెందుకు? ఇల్లు అమ్ముతున్నా. సంతకానికి ముందే చెబుతున్నా, వచ్చినదాంట్లో నీ వాటా నీది."

"మా అన్న బతికుండగా ఈ మాట రాలేదేం?"

"ఆ రోజు నా నోరు పెగల్లేదు. ఊళ్ళో అందరి మీదా లేచే నోరు నీకోసం లేవలేదు. అది నా తప్పే భూలక్ష్మీ."

మిరప ఘాటుకు నాకు తుమ్ములు వస్తున్నాయి, ఆపుకుంటూ కూర్చున్నాను. భూలక్ష్మి చేతులు ఆగాయి. "డబ్బుకి కాదొదినా" అంది. "ఆ ఇంట్లో పుట్టినదాన్ని. నేను ఆ ఇంటి మనిషినే కాదన్నట్టు పంపారే, అది చానా బాధేసింది." ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. మిరప చేతులు కంటికి తగలకుండా భుజంతో మొహం తుడుచుకుని "అన్నం తినే పోవాలి" అంది. పచ్చడిలో ఉప్పెక్కువైంది. అత్త ఆ మాట మొహం మీదే చెప్పింది. భూలక్ష్మి నవ్వింది.

తర్వాత పేర్ల మార్పు కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుడే. ఒకరోజు ఫలానా సర్టిఫికెట్ లేదంటారు, ఇంకోరోజు సంతకం పెట్టే ఆఫీసరు లేడంటారు. లోను మంజూరు గడువు దగ్గర పడుతుంటే నేను రోజూ తారీఖులు లెక్కపెట్టుకునేదాన్ని. అత్త మాత్రం పొద్దున్నే నీళ్ళ సీసా, అరటిపండు సంచిలో వేసుకుని ఆఫీసు బెంచీ మీద కూర్చునేది. అరిచేది కాదు. వచ్చిన ప్రతివాడినీ "మా పని ఎందాకా వచ్చింది నాయనా?" అని అడిగేది. ఆ ప్రశ్నకు విసుగెత్తి చేశారో, జాలిపడి చేశారో, పని మాత్రం అయింది.

కొత్త రసీదు తీసుకోవడానికి వెళ్ళిన రోజున గుమాస్తా "సీతారావమ్మ!" అని పిలిచాడు. అత్త కదల్లేదు. మళ్ళీ పిలిచాడు. నా పక్కనే కూర్చుని, ఇంకెవరినో పిలుస్తున్నట్టు చూస్తోంది. అంతకాలం మామగారి పేరుకు ఠక్కున చెయ్యెత్తిన మనిషికి తన పేరు చెవికెక్కలేదు. నేను మోచేత్తో పొడిచి "అత్తా, నిన్నే" అన్నాను. ఆవిడ లేచి వెళ్ళి రసీదు అందుకుంది. తన పేరు, దాని కింద భూలక్ష్మి పేరు. వేలితో రెండు పేర్లనూ తడిమి చూసుకుని "ఉన్నా" అంది మెల్లిగా.

రిజిస్ట్రాఫీసులో వదినామరదళ్ళు పక్కపక్కనే కూర్చున్నారు. దస్తావేజు రాసేవాడు ధర విని "ఇంతా రాస్తారా అమ్మా? మీకు ఆదాయపు పన్ను పడుద్ది" అన్నాడు.

"ఇచ్చేదెంతో అంతే రాయి" అంది అత్త. "మామ పేరు మీద ఏటేటా కట్టినదాన్ని, నా పేరు మీద ఒక్కసారి కట్టలేనా?"

ఆ మాట మీద నాకు లోను సరిపోయింది. ఇల్లు దక్కింది. మా ఆయన పేరూ కలపమని మా అత్తగారింట్లో గట్టిగానే అడిగారు. "వాయిదా కట్టేదెవరు? పద్మ. మరి పేరెవరిది?" అని సీతారావమ్మత్తే వాళ్ళ నోళ్ళు మూయించింది.

ఆవిడ కారంపూడి పొలంలో బోరు వేసుకుంది, నీళ్ళు పడ్డాయి. మిరప వేసింది. కొన్ని కాపులు చూసి, పోయినేడు వెళ్ళిపోయింది. దినానికి భూలక్ష్మి ముందుగా వచ్చి అన్నీ తనే చూసుకుంది.

ఇప్పుడు ల్యాబులో ఎవరైనా ఇల్లు కొంటున్నామంటే ఎన్ని గదులని నేను అడగను. పన్ను ఎవరి పేరు మీద వస్తోంది, ఆ ఇంట ఆడపిల్లలెవరైనా ఉన్నారా, వాళ్ళు సంతకం చేస్తున్నారా, దస్తావేజులో అసలు ధరే రాస్తున్నారా అని అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనీ. నేను మళ్ళీ అడుగుతాను.

నిన్న పొయ్యి తుడిచి చీర మార్చుకుని మున్సిపాలిటీకి వెళ్ళాను. ఫోన్లో కట్టొచ్చని నాకూ తెలుసు. బెంచీ మీద కూర్చున్నాను. కొత్త గుమాస్తా, చిన్నవాడు, తల ఎత్తకుండానే "పద్మావతి!" అని పిలిచాడు. రెండోసారి పిలిపించుకోలేదు. చెయ్యెత్తి, హాలంతా వినపడేలా "ఉన్నా!" అన్నాను.