పొట్టాయన బల్ల

ఇస్త్రీ కొట్టు పొడుగావిడకు నడుంనొప్పి మొదలై ఆరేళ్లు. భర్త పోయీ ఆరేళ్లే. ఆయన ఉన్నన్నాళ్లు ఇస్త్రీ ఆయన చేసేవాడు, ఇంటింటికీ తిరిగి బట్టలు తెచ్చివ్వడం ఆమె పని. ఆయన పోయాక ఇస్త్రీపెట్టె ఆమె చేతికొచ్చింది.

నొప్పికి ఆమె చేయని వైద్యం లేదు. బెల్టు కట్టింది. వేడినీళ్ల సంచీ పెట్టింది. చొక్కాలకు మందు వాసన పడుతోందని జనం మొహం చిట్లించే దాకా వీపుకు మందు రాసింది. పొద్దున్నే మంచం దిగాలంటే ముందు పక్కకు ఒత్తిగిల్లి, మోచెయ్యి ఆనించి, కాళ్లు కిందికి జార్చి, అప్పుడు లేవాలి. పది చొక్కాలు చేసేసరికి మెడ దగ్గర్నుంచి నడుం దాకా కండరాలు కర్రల్లా బిగుసుకుపోయేవి. కాసేపు గోడకు ఆనుకుని వయసును తిట్టుకుని, మళ్లీ పెట్టె అందుకునేది.

చివరికి కొడుకు తేల్చేశాడు. “ఇంక చాలమ్మా. వచ్చే నెల కొట్టు మూసేద్దాం.”

ఆమె ప్రాణం చివుక్కుమంది. కొట్టు లేకపోతే పొద్దున్నే లేచి ఎక్కడికెళ్లాలి?

“డాక్టరు వారం రోజులు పడుకోమన్నాడుగా. ఆ తర్వాత చూద్దాం” అంది.

ఆ వారం కోడలు కొట్టు చూసుకుంది. రోజుకు అరవై బట్టలు చేసి, సాయంత్రం కూనిరాగం తీస్తూ ఇంటికొచ్చేది. అత్తగారికి ఒళ్లు మండింది. పని ఎగ్గొడుతోందేమోనని ఆరో రోజు వెళ్లి, కొట్లో కూర్చుని కళ్లార్పకుండా చూసింది. మడతలకు వంక పెట్టడానికి లేదు. పిల్ల నిటారుగా నిలబడి చేస్తోంది.

“నీకు నడుం లాగట్లేదుటే?”

“లేదత్తయ్యా. మామయ్యగారు ఈ బల్ల నా కొలతకే చేయించినట్టున్నారు.”

కోడలు పొట్టిది. మామగారూ పొట్టే, ఆయన తల పొడుగావిడ భుజం దాటేది కాదు. ఆమె లేచి బల్ల ముందు నిలబడింది. అంచు తొడలకు తగిలింది. ఫక్కున నవ్వింది, నడుం కలుక్కుమన్నా ఆగలేదు.

మర్నాడు కొడుకు బల్లకాళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టాడు. కోడలు నిలబడడానికి ఓ పీట వచ్చింది. నొప్పి పూర్తిగా పోలేదు, పోదని డాక్టరూ చెప్పాడు. కానీ పది చొక్కాలు ఇరవై అయ్యాయి, కొట్టు మూసే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇటుకలు పెట్టిన రోజు, పెట్టె అందుకునే ముందు ఆమె బల్లను అరచేత్తో తట్టింది.

“మీ మాటకు ఒక్కనాడూ తల వంచలేదని గొణిగేవారు కదా. ఆరేళ్లు నడుమే వంచాను. ఇంక నిలబడనివ్వండి.”